పాత కారు ఐడిలింగ్ పడిపోతుంటే: స్క్రూ ముట్టుకునే ముందు చూడాల్సినవి

అలిపిరి టోల్‌గేటు ముందు క్యూలో బండి ఆగుతుంది. న్యూట్రల్ చేసి యాక్సిలరేటర్ మీది కాలు తీస్తారు. ఇంజిన్ శబ్దం సన్నగా దిగిపోతూ ఉంటుంది, గేర్ రాడ్ వణుకుతుంది, డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమంటుంది, అంతే, బండి ఆఫ్. సెల్ఫ్ కొడితే వెంటనే పట్టుకుంటుంది. క్యూ పది అడుగులు కదిలి ఆగగానే మళ్ళీ ఆఫ్. పక్క సీట్లో నాన్న, వెనక సీట్లో పిల్లలు, వెనకాల బండివాళ్ళ హారన్లు. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

మా ఇంట్లో 2006 మోడల్ మారుతి 800 ఉంది, ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్, అంటే కంప్యూటరు లెక్కకట్టి ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం. మూడేళ్ళ కిందట దానికి సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే బానెట్ ఎత్తి, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజిన్‌లోకి గాలి వదిలే బిళ్ళ) పక్కనున్న స్క్రూ ఒకటి తిప్పి, ఐదు నిమిషాల్లో పంపించేశారు. బండి బ్రహ్మాండంగా నిలబడింది. నెల తిరిగేసరికి మళ్ళీ పడిపోయింది, మళ్ళీ తిప్పించాను. చివరికి నేనే కూర్చుని విప్పి చూస్తే థ్రాటిల్ బాడీ, అంటే ఆ బిళ్ళ ఉండే గొట్టం లోపల నల్లటి మసి పట్టీలాగా పేరుకుని ఉంది. దాన్ని కడిగి బిగించాక ఇంజిన్ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది. మసి పోయింది, కానీ మసికి బదులుగా తెరిచి పెట్టిన స్క్రూ అలాగే ఉంది కదా! కంపెనీలో సెట్ చేసి పంపిన ఆ స్క్రూను మళ్ళీ దాని చోటికి తేవడానికి ఒక రోజంతా పట్టింది.

అందుకే ముందే చెబుతున్నాను. ఐడిలింగ్ తగ్గడం జ్వరం లాంటిది. స్క్రూ తిప్పడం జ్వరం మాత్ర వేయడమే. జ్వరం ఎందుకొచ్చిందో చూసుకుంటూ వెళ్ళే వరుసను ఇక్కడ రాస్తున్నాను. చేతికి మసి తప్ప పెద్దగా ఖర్చు లేని పనులు ముందు, డబ్బు పెట్టేవి తర్వాత, స్క్రూ అన్నిటికంటే చివర. ఇదంతా పెట్రోలు బళ్ళకే. డీజిల్ ఇంజిన్ సంగతి వేరు.

ఎంత ఉండాలి?

యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తనంతట తాను తిరిగే వేగమే ఐడిలింగ్. మెకానిక్‌లు 'స్లో' అనేది దీన్నే. చిన్న పెట్రోలు కార్లలో, ఇంజిన్ వేడెక్కాక, ఏసీ వేయకుండా నిమిషానికి సుమారు 750 నుంచి 900 చుట్లు ఉంటుంది. మీ బండికి ఎంతో బానెట్ కింద స్టిక్కర్ మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. పాత చిన్న కార్లు చాలావాటికి ఆర్‌పీఎం మీటరు ఉండదు. పర్వాలేదు, చెవి సరిపోతుంది. చివర్లో సెట్ చేసేటప్పుడు మాత్రం టాకోమీటర్ ఉన్న మెకానిక్ దగ్గర కొలిపించుకోండి.

ఒక మాట. మారుతి 800, ఆల్టో లాంటి మూడు సిలిండర్ల ఇంజిన్లు నిలబడి ఉన్నప్పుడు కొంచెం వణుకుతాయి. అది వాటి గుణం. వణుకు ఒకే తాళంలో ఉంటే భయపడొద్దు. మధ్యమధ్యలో తాళం తప్పి 'దుబ్' మని ఊగితే అది జబ్బు.

పని మొదలుపెట్టే ముందు

బండిని చదునైన చోట, గాలి ఆడే చోట పెట్టండి. షట్టర్ దించిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి పెట్టకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. భుజం మీద తువ్వాలు, వేలాడే లుంగీ, చున్నీ, చేతి గొలుసు ఏవీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాన్ చెప్పి తిరగదు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు ఇంజిన్ ఆపిన తర్వాత కూడా అది తిరగొచ్చు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఒక చిన్న నోటుబుక్కు పక్కన పెట్టుకోండి. ఏది విప్పినా విప్పకముందు ఫోన్‌లో ఫొటో తీయండి. ఒకసారికి ఒకే పని చేసి, ఇంజిన్ ఆన్ చేసి, తేడా రాసుకోండి. నాలుగు పనులు ఒకేసారి చేస్తే ఏది నయం చేసిందో తెలియదు.

మొదటి పని: ఎప్పుడు పడిపోతోందో పట్టుకోండి

ఇది పానా పట్టే పని కాదు, కానీ సగం జబ్బు ఇక్కడే దొరుకుతుంది. తొందరపడకుండా ఒక వారం గమనించండి.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగిపోయి, ఐదు నిమిషాల తర్వాత సర్దుకుంటోందా? కార్బ్యురేటర్ (పెట్రోలును గాలిలో కలిపే పాత పద్ధతి) బండి అయితే చోక్ (చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు పాలు పెంచేది), ఎంపీఎఫ్‌ఐ అయితే ఐడిల్ కంట్రోల్ వాల్వ్ (ఐడిలింగ్‌కు గాలిని సర్దేది) లేదా కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ (ఇంజిన్ వేడి చూసేది) వైపు చూడాలి. చల్లటి ఇంజిన్‌కు ఎక్కువ పెట్రోలు, కొంచెం ఎక్కువ స్పీడు కావాలి, అది అందడం లేదన్నమాట.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి పడిపోతోందా? మొదటి అనుమానం థ్రాటిల్ బాడీ మసి మీద. తర్వాత టాపెట్లు (వాల్వ్‌లను నొక్కి తెరిచే భాగాలు).

ఏసీ వేయగానే పడుతోందా? ఏసీ కంప్రెసర్ ఇంజిన్ మీద బరువు. ఆ బరువు పడగానే ఐడిలింగ్‌ను కాస్త పైకి లేపే ఏర్పాటు ప్రతి ఏసీ బండిలోనూ ఉంటుంది. కార్బ్యురేటర్ బండిలో అది ఒక చిన్న డయాఫ్రం (రబ్బరు పొర), దానికో సన్నటి రబ్బరు పైపు. ఎంపీఎఫ్‌ఐలో ఆ పని ఐడిల్ కంట్రోల్ వాల్వే చేస్తుంది. ఆ పైపు ఊడినా, వాల్వ్ జిడ్డు పట్టినా ఏసీ బటన్ నొక్కగానే బండి కూర్చుంటుంది.

రాత్రి హెడ్‌లైట్లు వేస్తే తగ్గుతోందా? బ్యాటరీ, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) చూడాలి. నీరసించిన బ్యాటరీ ఆల్టర్నేటర్‌ను ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, ఆ బరువు ఇంజిన్ మోస్తుంది. మల్టీమీటరుతో ఇంజిన్ ఆపి చూస్తే సుమారు 12.6 వోల్టులు, ఆన్‌లో 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పూత ఉంటే వేడినీళ్ళతో కడిగి బిగించండి.

వాన పడ్డాకో, బండి కడిగాకో వస్తోందా? ప్లగ్ వైర్లు (పెట్రోలును అంటించే ప్లగ్గులకు కరెంటు తెచ్చేవి). చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, టార్చ్ వేయకుండా, ఇంజిన్ ఆన్‌లో ఉండగా దూరం నుంచి చూడండి. వైర్ల మీద నీలం రంగు మెరుపులు పాకుతుంటే ఆ వైర్లు అయిపోయినట్టే.

ఇక చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. బ్రేక్ తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం మారుతోందా? అయితే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది చూడండి. కారణం కిందే చెబుతాను.

రెండో పని: గాలి ఎక్కడ లాగుతోంది?

చిత్తూరులో మా బావకు పాత కార్బ్యురేటర్ మారుతి ఉంది. మామిడి కాపు రోజుల్లో తోటకు కారులోనే వెళ్తాడు, మిగతా రోజులు అది చెట్టు కిందే ఉంటుంది. పోయిన వేసవిలో "బామ్మర్దీ, స్లో అస్సలు నిలబడ్డంలేదు, వచ్చినప్పుడు ఆ స్క్రూ రెండు చుట్లు తిప్పి పో" అన్నాడు. "ఒక్క నిమిషం ఆగు బావా, ముందు పైపులు చూస్తాను" అన్నాను.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల ఎండు మామిడాకులు, దూది, గోనె పీచు. ఎలుక కాపురం పెట్టింది. అది తీసేశాం. కానీ అసలు దొంగ అది కాదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) వెళ్ళే వేలెడంత రబ్బరు పైపు ఒకటి, పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంది. మలుపు దగ్గర రెండు వేళ్ళతో వంచితే కిందివైపున పగులు నోరు తెరిచింది. గోరు దూరేంత. ఇంజిన్ ఆన్ చేసి ఆ పగులు మీద బొటనవేలు అదిమితే 'స్స్' మనే శబ్దం ఆగింది, ఇంజిన్ తాళం సరిపోయింది. వేలు తీస్తే మళ్ళీ వణుకు. బావ రెండు మూడుసార్లు తనే వేలు పెట్టి తీసి చూశాడు. అర అడుగు పైపు, రెండు క్లిప్పులు. స్క్రూ ముట్టుకోలేదు.

మీరూ అలాగే చూడండి. ఇంజిన్ ఆపి, చల్లారాక, మానిఫోల్డ్ చుట్టూ ఉన్న ప్రతి రబ్బరు పైపునూ వంచి, తిప్పి, చివర్ల దగ్గర వేలితో తడిమి చూడండి. పగుళ్ళు ఎప్పుడూ క్లిప్పు పక్కనా, మలుపు కిందా ఉంటాయి. గట్టిపడి చెక్కలాగా అయినా, జిగటగా మెత్తబడినా మార్చేయండి. ఈ మధ్య బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత బళ్ళ పెట్రోలు పైపుల రబ్బరును త్వరగా పాడుచేస్తుంది కాబట్టి వాటినీ ఇదే చేత్తో చూసుకోండి. పెట్రోలు తడి కనిపిస్తే ఆ పైపు మార్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.

కంటికి దొరకకపోతే నీళ్ళ స్ప్రే బాటిల్ తీసుకోండి, ఇస్త్రీకి వాడేది చాలు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి మానిఫోల్డ్ ప్యాకింగ్ అంచుల మీదా, పైపుల చివర్ల మీదా కొంచెం కొంచెం కొట్టండి. గాలి లాగుతున్న చోట నీళ్ళు పడగానే ఒక్క క్షణం శబ్దం మారుతుంది. ప్లగ్ వైర్ల మీద, కాయిల్ మీద మాత్రం కొట్టొద్దు. కొందరు దీనికి కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే వాడతారు. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కనే మండే ద్రవం చల్లడం నాకు ఇష్టం లేదు, మీకూ చెప్పను.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. కార్బ్యురేటర్ బండిలో గాలి లీకైతే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడి ఐడిలింగ్ పడిపోతుంది, వణుకుతుంది. గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బళ్ళలోనూ దాదాపు అంతే. కానీ మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని చూసి పెట్రోలు లెక్కకట్టే మ్యాప్ సెన్సర్ బళ్ళలో లీకు ఉంటే మామూలుగా ఐడిలింగ్ పెరుగుతుంది, లేదా పైకీ కిందకీ ఊగుతుంది. మా 800 ఈ రకమే. మీది మ్యాప్ సెన్సర్ బండి అయి, స్పీడు నిలకడగా తక్కువగా ఉంటే లీకు కంటే ముందు మసిని అనుమానించండి.

ఇప్పుడు బ్రేక్ సంగతి. మానిఫోల్డ్ నుంచి ఒక లావుపాటి పైపు బ్రేక్ బూస్టర్‌కు వెళ్తుంది. డ్రైవర్ ముందు, బానెట్ లోపల గుండ్రటి నల్ల డబ్బా ఉంటుందే, అదే బూస్టర్. ఇంజిన్ లాగే గాలి బలంతోనే బ్రేక్ తేలిగ్గా పడుతుంది. బ్రేక్ తొక్కి పట్టుకున్నంతసేపూ ఇంజిన్ వణుకుతుంటే బూస్టర్ లోపలి డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. పరీక్ష ఇదీ: ఇంజిన్ ఆపి బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కండి, పెడల్ గట్టిపడుతుంది. కాలు దాని మీద అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తోంది. దిగకపోతే బండిని ఇంట్లోనే ఉంచి మెకానిక్‌ను పిలిపించండి. ఘాట్ రోడ్డు మాట ఎత్తకండి.

మూడో పని: థ్రాటిల్ బాడీ కడగడం

ఎంపీఎఫ్‌ఐ బండికి నా అనుభవంలో ఎక్కువసార్లు నయం చేసేది ఇదే. ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరి పైపు ద్వారా మళ్ళీ గాలి దారిలోకే వస్తుంది. ఫిల్టర్ దాటిన సన్నటి దుమ్ము దానికి అంటుకుంటుంది. కాలు తీసినప్పుడు థ్రాటిల్ బిళ్ళకూ గోడకూ మధ్య మిగిలేది వెంట్రుక మందం సందు. మసి సరిగ్గా అక్కడే పేరుకుంటుంది. కాలు తొక్కితే బిళ్ళ తెరుచుకుంటుంది కాబట్టి రోడ్డు మీద పికప్ బాగానే ఉంటుంది. ఆగినప్పుడే ఊపిరాడదు.

ఇంజిన్ బాగా చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి పక్కకు లాగండి. ఎదురుగా రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదిగా ఇత్తడి రంగు బిళ్ళ కనిపిస్తుంది. కేబుల్ ఉన్న బండి అయితే కేబుల్ లివర్‌ను చేత్తో తిప్పితే బిళ్ళ తెరుచుకుంటుంది. దాని వెనక అంచు చుట్టూ చూడండి, అసలు మసి అక్కడ ఉంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండిలో మాత్రం చేత్తో తిప్పకండి, లోపలి పళ్ళు విరిగే ప్రమాదం ఉంది.

థ్రాటిల్ బాడీ క్లీనర్ అని అడిగితే స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఇస్తారు. దాన్ని నేరుగా లోపలికి కుమ్మరించకండి. నూలు గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డను వేలికి చుట్టి తుడవండి. అంచుల దగ్గర మెత్తటి పాత టూత్ బ్రష్ వాడండి. మొదటి గుడ్డ తారు పూసినట్టు వస్తుంది, రెండోది గోధుమ రంగులో, మూడోది దాదాపు తెల్లగా. అప్పుడు ఆపండి. స్క్రూడ్రైవర్‌తో గీకడం, గరుకు కాగితం పెట్టి రుద్దడం వద్దు. గీత పడితే ఆ సందు శాశ్వతంగా చెడిపోతుంది.

పక్కనే రెండు స్క్రూలతోనో మూడు స్క్రూలతోనో బిగించిన ఐడిల్ కంట్రోల్ వాల్వ్ ఉంటుంది. దాన్ని విప్పేటప్పుడు రబ్బరు రింగు జారిపోకుండా చూసుకోండి. చివరి మొనను గుడ్డతో తుడవండి, చేత్తో నొక్కడం, లాగడం చేయకండి. అది కూర్చునే రంధ్రాన్నీ శుభ్రం చేయండి.

అన్నీ బిగించి, పావుగంట తర్వాత బ్యాటరీ వైరు తగిలించండి. మొదటిసారి స్టార్ట్ కావడానికి కాస్త సతాయిస్తుంది, తెల్లటి పొగ కొంచెం వస్తుంది, కంగారుపడకండి. యాక్సిలరేటర్ తొక్కకుండా, ఏసీ లైట్లు ఆపి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా వదిలేయండి. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) కొత్త ఐడిలింగ్‌ను ఆ సమయంలో నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఊళ్ళో ఒక అరగంట తిప్పి చూడండి.

కడిగాక స్పీడు బాగా ఎక్కువైతే, అంతకుముందు ఎవరో ఆ స్క్రూ తిప్పారని అర్థం. మా బండికి జరిగింది అదే.

కార్బ్యురేటర్ బండి అయితే

ముందు తాళం చెవి ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కార్బ్యురేటర్‌కు అతికించినట్టు ఉన్న చిన్న సోలెనాయిడ్‌ను (కరెంటుతో ఐడిలింగ్ పెట్రోలు దారి తెరిచే వాల్వ్) వెతకండి. వైరు ఒకటి దానికి వస్తుంది. ఆ వైరు పీకి మళ్ళీ తగిలిస్తే 'టక్' మని వినబడాలి. వినబడకపోతే ఐడిలింగ్‌కు పెట్రోలే అందదు. కాలు తొక్కి ఉంచితే నడుస్తుంది, తీస్తే చస్తుంది. వైరు వదులై ఈ జబ్బు వచ్చిన బళ్ళకు కార్బ్యురేటర్ మొత్తం విప్పించుకున్నవాళ్ళను చూశాను. రెండు నిమిషాల పరీక్ష ఇది.

'టక్' వస్తే, తర్వాతి అనుమానం ఐడిలింగ్‌కు పెట్రోలు పంపే స్లో జెట్. గుండుసూది కంటే సన్నటి రంధ్రం. నెలల తరబడి నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు దాన్ని మూసేస్తుంది. విప్పి క్లీనర్ కొట్టి, గాలి పట్టించండి. తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే మళ్ళీ ఎప్పటికీ సెట్ కాదు. కార్బ్యురేటర్ పెట్రోలు తొట్టిలో నీటి బొట్లు కనిపిస్తే ట్యాంకులోనూ నీళ్ళు ఉన్నట్టే, అదీ ఖాళీ చేయించాలి.

నాలుగో పని: ప్లగ్గులు, మిస్సింగ్

నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి కొట్టకపోతే (దీన్నే మిస్సింగ్ అంటారు) పావు బలం పోతుంది. మూడు సిలిండర్ల బండిలో మూడో వంతు. ఐడిలింగ్ నిలబడమంటే ఎలా నిలబడుతుంది?

ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనుక్కోవడానికి ఎంపీఎఫ్‌ఐ బండిలో ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. బాగున్నదాన్ని తీస్తే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. తీసినా తేడా రాకపోతే జబ్బు ఆ సిలిండర్‌లోనే. పాత బళ్ళలో ప్లగ్ వైరు లాగి చూసే అలవాటు ఉంది. దాన్ని రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తోనే చేయాలి, ఒట్టి చేత్తో కాదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఉన్న బండికి ఆ పద్ధతి అసలు వద్దు, కాలని పెట్రోలు పోయి దాన్ని పాడుచేస్తుంది.

ప్లగ్గులు విప్పి వరుసగా కాగితం మీద పెట్టండి, ఏది ఏ సిలిండర్‌దో రాయండి. లేత ఇటుక రంగు, బిస్కెట్ రంగు ఉంటే మంచిది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలినట్టుంటే గాలి ఎక్కువ. నూనె తడి ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీల్సో అరిగాయి. మూడింటిలో ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండర్‌ను పట్టుకోండి. ప్లగ్ గ్యాప్ పుస్తకంలో ఇచ్చినంత ఉండాలి, ఫిల్లర్ గేజ్‌తో (సందు కొలిచే పలచని రేకులు) చూడండి. పాయింట్లు (కరెంటును తెంచి ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) ఉన్న బాగా పాత బళ్ళలో పాయింట్ల గ్యాప్, ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) కూడా చూపించుకోవాలి. టైమింగ్ వెనక్కి పోతే ఐడిలింగ్ పడిపోతుంది.

అన్ని ప్లగ్గులూ నల్లగా ఉంటే ఒక ప్రశ్న అడగండి: థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వదలని వాల్వ్) ఉందా? మనది ఎండల ఊరు, బండి హీటెక్కుతోందని ఎవరో ఒకసారి దాన్ని పీకేసి ఉంటారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఈసీఎం అంతసేపూ ఇంజిన్ చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పంపిస్తుంది. హీటెక్కే బండికి మందు రేడియేటర్ కడిగించడం, ఫ్యాన్ చూపించడం. థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి.

ఇక్కడ చవకగా దొరికే సాయం ఇంకొకటి ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే సెంటర్లో పెట్రోలు బండిని ఐడిలింగ్‌లోనే కొలుస్తారు. చీటీ మీది అంకెలు చదవండి. బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) బళ్ళకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.5 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 750 పీపీఎం, అంటే పది లక్షల్లో 750 వంతులు. అంతకంటే పాతవాటికి 3 శాతం, 1500 పీపీఎం. మొదటి అంకె ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. మొదటిది తక్కువుండి రెండోది ఎక్కువుంటే ఎక్కడో మిస్సింగ్ ఉంది, లేదా మిశ్రమం మరీ పలచన.

ఐదో పని: టాపెట్లు

టాపెట్లు 'టకటక' మంటే అందరూ పరిగెడతారు. శబ్దం లేకపోతే బాగుందనుకుంటారు. నిజానికి ఎక్కువ నష్టం బిగుసుకున్న టాపెట్లతోనే. గ్యాప్ లేకపోతే వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కిన గాలి ఒత్తిడి) కారిపోతుంది, చల్లగా బాగున్న బండి వేడయ్యాక పడిపోతుంది. గ్యాస్ కిట్ పెట్టించిన పాత బళ్ళలో ఇది మరీ ఎక్కువ, వాల్వ్ సీట్లు త్వరగా అరిగి గ్యాప్ మూసుకుపోతుంది. ఆటోనగర్‌లో అనుభవం ఉన్న పెద్ద మెకానిక్‌తో ఫిల్లర్ గేజ్ పెట్టించి సెట్ చేయించండి. "అన్నా, చెవితో కాదు, గేజ్ పెట్టి చూడన్నా" అని మర్యాదగా అడగండి. పనిలో పనిగా కంప్రెషన్ కూడా కొలిపిస్తే మంచిది. సిలిండర్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువుంటే ఇక ఇంట్లో చేసే పని కాదు.

చివరి పని: సెట్టింగ్

ఇవన్నీ అయ్యాకే స్క్రూ. ఎంపీఎఫ్‌ఐలో థ్రాటిల్ స్టాప్ స్క్రూకు మామూలుగా పెయింట్ చుక్కో, సీలో ఉంటుంది. ఎవరూ తిప్పి ఉండకపోతే మీరూ తిప్పకండి. తిప్పి ఉంటే టాకోమీటరు ఉన్నచోట, సర్వీస్ పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే వెనక్కి తీసుకురావాలి.

కార్బ్యురేటర్‌లో రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి స్పీడుకు, ఒకటి మిశ్రమానికి. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి ఆపండి. మిశ్రమం స్క్రూను సున్నితంగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. బిగించకండి, మొన చెడిపోతుంది. మళ్ళీ అన్ని చుట్లూ బయటకు తెచ్చి స్టార్ట్ చేయండి. ఇక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఒక్కోసారి పది సెకన్లు ఆగి వినండి. శబ్దం అన్నిటికంటే వేగంగా, నున్నగా ఉన్నచోట ఆపి, స్పీడు స్క్రూతో కావలసిన స్పీడుకు దించండి. రెండుసార్లు ఇలా చేస్తే చాలు. తర్వాత ఏసీ, లైట్లు వేసి నిలబడుతోందో లేదో చూసుకోండి.

కొండకు వెళ్ళే ముందు

ఊళ్ళోనే నాలుగైదు రోజులు తిప్పండి. తర్వాతే ఘాట్. ఎక్కేటప్పుడు మీ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది కాబట్టి జబ్బు దాగిపోతుంది. దిగేటప్పుడు బయటపడుతుంది. 1944లో వేసిన తిరుమల పాత ఘాట్ రోడ్డులో, వరుస మలుపుల్లో, కాలు ఎక్కువసేపు బ్రేక్ మీదే. ఆ సమయంలో క్లచ్ తొక్కినప్పుడు ఇంజిన్ ఆగిపోతే బూస్టర్‌లో మిగిలిన బలం ఒకటి రెండుసార్లు తొక్కడానికే వస్తుంది. ఆ తర్వాత పెడల్ రాయిలాగా గట్టిపడుతుంది.

అలా జరిగితే పెడల్‌ను పంపు కొట్టినట్టు కొట్టకండి, మిగిలిన బలం కూడా పోతుంది. ఒకేసారి, ఉన్న బలమంతా పెట్టి తొక్కి పట్టుకోండి. బ్రేక్ పోలేదు, సాయం పోయింది అంతే. గేరు తీసేయకండి. క్లచ్ వదిలితే గేరే బండిని పట్టుకుంటుంది, తాళం చెవి ఆన్‌లో ఉంటే చాలాసార్లు ఇంజిన్ మళ్ళీ అందుకుంటుంది కూడా. తాళం చెవి మాత్రం బయటకు లాగకండి, స్టీరింగ్ లాకవుతుంది. లోయ వైపు కాకుండా కొండ వైపు పక్కకు తెచ్చి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగి ఆపండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లోనో, ఇంజిన్ ఆపేసో దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. రెండో గేరులో ఇంజిన్ పట్టుతో మెల్లగా దిగండి.

నేను సెట్ చేసుకున్న తర్వాత మొదటిసారి కొండ దిగి, అలిపిరి దగ్గర రోడ్డు పక్కన ఆపాను. ఏసీ వేసి, లైట్లు వేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, కాలు యాక్సిలరేటర్ మీద లేకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఇంజిన్ కదలకుండా అలాగే తిరిగింది. మీరూ ఆ పరీక్ష పెట్టండి. ఇంటికొచ్చాక విప్పిన ప్రతి క్లిప్పునూ మరోసారి బిగించి, పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు రాసుకోండి. మా థ్రాటిల్ బాడీని ఇప్పుడు 20,000 కిలోమీటర్లకు ఒకసారి తుడుస్తున్నాను.